యోధుడి క్లాస్‌కి పేరు పెట్టే ముందు

చిరంజీవికి బాబాయ్ ఆశీస్సులు.

పాత్రలు ధరించి ఆడే నీ ఆటకి రాసిన రూల్స్ చిత్తుప్రతి చదివాను. పోరాడే క్లాస్‌కి, అంటే ఆటగాడు ఎంచుకునే ఆ పాత్ర రకానికి, నువ్వు రాసుకున్న పేర్లూ చూశాను. రణభీకరుడు, ప్రచండవీరుడు, మృత్యుంజయుడు... ఇవన్నీ బిరుదులురా. బిరుదు గెలిచాక వస్తుంది. క్లాస్ పేరు మొదటి లెవెల్లోనే తగులుకుంటుంది. అప్పటికి నీ ప్రచండవీరుడు నేలమాళిగలో ఎలుకల్ని కొట్టడానికే ఆపసోపాలు పడుతుంటాడు.

ఇలా పాత్రలు ధరించి ఆడే ఆటే డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో వచ్చిన దాని తొలి రూపంలో ఈ క్లాస్ పేరు వట్టి 'ఫైటింగ్ మ్యాన్'. ఆర్భాటమంతా లెవెల్ బిరుదుల్లో పెట్టారు: మొదటి లెవెల్లో 'వెటరన్', నాలుగులో 'హీరో', ఎనిమిదిలో 'సూపర్ హీరో', తొమ్మిదికి 'లార్డ్'. నీ రణభీకరుణ్ణి కూడా పై లెవెల్‌కి దాచు. ఆటగాడు దాన్ని సంపాదించుకుంటే ఆ సరదాయే వేరు.

ఇక అసలు సంగతి. ఈ క్లాస్ ఎంత ధైర్యంగలదో పేరు చెప్పక్కర్లేదు, మిగతావాళ్లు చెయ్యని ఏ పని చేస్తుందో చెప్పాలి. అందుకే దీన్ని ఒంటరిగా చూడకు, పక్కన ఉన్న క్లాసుల్ని కూడా చూడు. నీ విలుకాడూ పోరాడతాడు, దీక్ష పట్టిన గుడి కావలివాడూ పోరాడతాడు. వీళ్ల మధ్య ఒకడికే 'యోధుడు' అని పెడితే, మిగతా ఇద్దరూ ఏమైనట్టు? డంజన్స్ అండ్ డ్రాగన్స్ రెండో ఎడిషన్లో (1989) 'వారియర్' అన్నది గుంపు పేరు. దాని కింద ఫైటర్, పాలడిన్ (దీక్ష పట్టిన యోధుడు), రేంజర్ (అడవుల్లో తిరిగే యోధుడు) అనే క్లాసులు ఉండేవి. నువ్వూ ఆ పెద్ద మాటని గుంపుకే ఉంచు.

అరువు పేర్లు వద్దనను కానీ, అవి ఖాళీ చేతులతో రావు. పాలడిన్ అనగానే ఆటగాడు ప్రతిజ్ఞ, దైవభక్తి ఆశిస్తాడు. బెర్సర్కర్ అంటే ఒళ్లు తెలియని ఆవేశం. సమురాయ్ అంటే కొలువు, ప్రభువు. నీ రూల్స్‌లో ఆవేశానికి ఒక్క పాయింటూ లేదు, ఆ క్లాస్ డాలు పట్టుకుని గుమ్మానికి అడ్డం నిలబడుతుంది. దానికి బెర్సర్కర్ అని పెట్టావనుకో, మొదటి పోరాటంలోనే 'నా కోపం ఎక్కడ?' అని నిన్ను నిలదీస్తారు.

నోరు తిరగని కల్పిత పేర్ల గురించి ఎక్కువ చెప్పను. 'నేను ఫలానా, ముందు నేనే వెళ్తా' అని గట్టిగా అని చూడు. నవ్వొస్తే కొట్టెయ్.

ఇంకొకటి. 'ఫైటింగ్ మ్యాన్'లోని ఆ 'మ్యాన్' తర్వాత పోయింది, అదే ఆటకి 1978లో వచ్చిన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అనే రూల్స్ పుస్తకంలో 'ఫైటర్' అనే ఉంటుంది. నీ పేర్లన్నీ 'డు'తో ముగుస్తున్నాయి. ఆడపాత్ర ఆడేవాళ్లకి ప్రతి చోటా రెండో రూపం రాస్తూ కూర్చుంటావా? బంటు, రౌతు లాంటివైతే ఎవరికైనా సరిపోతాయి. రౌతుకి గుర్రం కావాలి గనక అది నీకు పనికిరాదు.

నన్నడిగితే 'డాలుబంటు' అని పెట్టు. పొట్టి పేరు, పని చెబుతుంది, రెండో అర్థానికి తావులేదు. కాకపోతే ఐదో లెవెల్లో ఆ క్లాస్‌కి రెండు చేతుల కత్తి ఇచ్చావు. అది పట్టుకుంటే డాలు కింద పెట్టాల్సిందే. కత్తిని ఇంకో క్లాస్‌కి ఇచ్చెయ్. మనసొప్పకపోతే చెప్పు, వేరే పేరు వెతుకుదాం.