సాగర్ లాంచీ మోడల్ 50 డిగ్రీలు ఊగుతుంటే నమ్మాలా?

ఒక తమ్ముడు అడిగిండు: "నాగార్జునసాగర్ లాంచీ లాంటి 20 మీటర్ల పడవను కంప్యూటర్‌ల అలల మీద నడిపితే 50 డిగ్రీలు ఊగుతున్నది. పడవ తప్పా, లెక్క తప్పా?"

తమ్ముడూ, ముందు డ్యాంపింగ్, అంటే ఊగుడును మెల్లమెల్లగ చల్లార్చే గుణం, చూడు. ఎక్కువసార్లు తప్పు ఆడనే దొరుకుతది. పడవ కదలికను లెక్కగట్టే పద్ధతులు స్ట్రిప్ థియరీ అయినా, ప్యానెల్ పద్ధతి అయినా, పడవ ఊగుతూ అలల రూపంల వదిలే శక్తినే లెక్కగడ్తయి. అడుగు అంచుల కాడ, బిల్జ్ కీల్ (ఊగుడు తగ్గించనీకి అడుగు మూలల పొడుగునా పెట్టే రెక్క) కాడ లేచే సుడులు వాటికి కనపడవు. ఊగుడును ఆపేదే ఎక్కువ ఆ సుడులు.

అసలు డ్యాంపింగ్ ఎంతో కొలవాలంటే గాలి లేని పొద్దుగాల లాంచీ తాళ్లు వదులు చేయించు. నలుగురు ఒక పక్క నిలబడి లయగా తొక్కి ఊపాలె, తర్వాత నడిమిట్లకొచ్చి కదలకుండ ఉండాలె. ఫోన్‌ల వంపు కొలిచే యాప్ నడుస్తుండాలె. ఒక పక్క 10 డిగ్రీలు ఒరిగి, మళ్లీ అదే పక్కకు వచ్చినప్పుడు 7.3 ఒరిగితే డ్యాంపింగ్ నిష్పత్తి 0.05. నీ మోడల్‌ల 0.01 ఉంటే అది 9.4 చూపిస్తది. చూడనీకి చిన్న తేడానే. అల పీరియడ్ (ఒక అల వెనక ఇంకో అల వచ్చే టైము), రోల్ పీరియడ్ (పడవ ఒక పక్క ఒరిగి మళ్లీ అదే పక్కకు వచ్చే టైము) ఒకటైనకాడ మాత్రం 10 రెట్లు పెరగాల్సిన ఊపు 50 రెట్లయితది. పెద్ద ఊపుకు డ్యాంపింగ్ మారుతది గనుక 5 డిగ్రీలకు, 10కి వేర్వేరుగ కొలువు.

అదే రికార్డుల రోల్ పీరియడ్ గూడ దొరుకుతది. వెడల్పు 5 మీటర్లు, జీఎం (పడవ నిలకడను చెప్పే కొలత, తగ్గితే పడవ తేలిగ్గ ఒరుగుతది) 1 మీటరు అయితే సుమారు 4 సెకన్లు రావాలె. 5 వస్తే జీఎం 0.64కు పడిపోయినట్టే. జనం పై డెక్కు ఎక్కితే అయ్యేది అదే.

రంగురంగుల యానిమేషన్‌కు చప్పట్లు కొడ్తరు గని, డ్యాంపింగ్ యాడికెళ్లి తెచ్చినవని ఒక్కరు అడుగరు. నాకిది నిజంగా బాధనిపిస్తది.

అట్లని పెద్ద ఊపు కనిపించినప్పుడల్లా అబద్ధమనుకోకు. 1998 అక్టోబరుల ఉత్తర పసిఫిక్‌ల ఏపీఎల్ చైనా అనే కంటైనర్ ఓడ ఎదురు అలలల్ల 35-40 డిగ్రీలు ఊగి, వందల కంటైనర్లు సముద్రం పాలైనయి. అల శిఖరం ఓడ నడుమకొచ్చినప్పుడు జీఎం తగ్గుతది, లోయ వచ్చినప్పుడు పెరుగుతది. ఇది రోల్ పీరియడ్‌ల సగానికోసారి జరిగితే, పక్క నుంచి అల తగలకున్నా ఊపు పెరుగుతనే పోతది. నిటారు గోడల లాంచీకి ఈ భయం తక్కువ.

ఇంకోటి, మోడల్‌ల సముద్రం కోసం కలిపే చిన్న చిన్న అలల ఫ్రీక్వెన్సీలను (అవి ఎంత గబగబ వస్తయో ఆ లెక్క) సెకనుకు 0.05 రేడియన్ల సమాన ఎడంతో పెట్టినవా? అట్లయితే 126 సెకన్లకోసారి అవే అలలు తిరిగొస్తయి. గంట నడిపినా నువ్వు చూసింది రెండు నిమిషాలే. ఎడాలు అసమానంగ పెట్టి, సీడ్ (కంప్యూటర్ అలలను కొత్తగ కలిపేటట్టు చేసే మొదటి అంకె) మార్చి పదిసార్లు నడుపు.