నైట్ డ్యూటీ చేసే మా చిట్టికి

చిట్టీ,

నిన్న ఫోన్‌లో "పేషెంట్ బెల్ కొడితేనే చిరాకొస్తోంది పెద్దమ్మా, నేనిలా అయిపోయానేంటి" అన్నావు. రాత్రంతా ఆ మాటే చెవిలో తిరిగింది. నువ్వు చెడ్డదానివి కాలేదమ్మా, అలసిపోయావు. ఒంట్లో సత్తువ లేకపోవడం, పనిమీద మనసు విరిగిపోవడం, ఎంత చేసినా ఏమీ చేయలేదనిపించడం: డబ్ల్యూహెచ్‌వో 2019లో బర్నవుట్ అంటే ఇదేనని చెప్పింది. తగ్గని పని ఒత్తిడి వల్ల వచ్చేదని కూడా చెప్పింది.

ఇంట్లో ఎవరికీ చెప్పనిదొకటి నీకు చెప్తాను. వరసగా ఆరో నైట్, తెల్లవారుజాము నాలుగు. ఇన్సులిన్ 10 యూనిట్లు ఇవ్వాలి. చేతిలో ఎం.ఎల్.కి 100 యూనిట్లుండే వయల్, సిరంజి మాత్రం ఎర్ర మూతది, అంటే ఎం.ఎల్.కి 40 యూనిట్ల లెక్కన గీతలున్నది. 10 గీత దాకా లాగేశాను. అది ఎక్కించి ఉంటే లోపలికి 25 యూనిట్లు వెళ్లేవి. పక్క బెడ్ దగ్గరున్న జూనియర్ "సిస్టర్, మూత ఎర్రగా ఉంది" అంది. 100 వయల్‌కి నారింజ మూతది తీసుకోవాలని ఆ పిల్లకి నేర్పింది నేనే. తెలియక కాదు చిట్టీ, కళ్లు చూస్తున్నా బుర్రకి ఎక్కలేదు.

అందుకే ఇన్సులిన్, రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్, పొటాషియం ఎప్పుడూ ఒక్కదానివే సిరంజిలోకి లోడ్ చేయకు. ఎవరినైనా పిలిచి పైకి చదివి వినిపించు. "నిద్రొస్తోంది, ఒకసారి చూడవా" అనడానికి నామోషీ పడకు. బ్రేక్‌లో ఇన్‌చార్జ్‌కి చెప్పి 20 నిమిషాలు కునుకు తీయి.

హ్యాండోవర్ అయ్యాక స్కూటీ ముట్టుకోవద్దు. 17 గంటలు మేలుకున్న మనిషి తీరు 100 ఎం.ఎల్. రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడిలా ఉంటుందని పరీక్షల్లో తేలింది. మన చట్టం బండి నడిపేవాళ్లకి పెట్టిన హద్దు 30. పంజాగుట్టలో మెట్రో ఎక్కితే కూకట్‌పల్లిలో దిగొచ్చు.

ఆఫ్ ఇవ్వకుండా మళ్లీ నైట్ వేస్తే "సరే మేడం" అనేయకు. నలుగురూ కలిసి నర్సింగ్ సూపరింటెండెంట్‌కి రాసివ్వండి. రోస్టర్ మార్చకుండా యోగా క్లాసు పెడితే ఒరిగేదేమీ లేదు.

ఆ పసివాడు పోయిన రోజు బాత్రూంలో ఏడ్చి, మొహం కడుక్కుని మళ్లీ బీపీలు చూశానన్నావు. ఆ రోజు గురించి ఎవరితోనైనా మాట్లాడాలి. 14416కి ఫోన్ చెయ్యి, అది టెలీ మానస్, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్. డబ్బులు అడగరు, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు. బతకాలనిపించని ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకుండా చెయ్యి, ఆ తర్వాత నాకు. మనూళ్లో "ఎర్రగడ్డకి పంపాలి" అని ఎగతాళి చేస్తారు. ఆ మాటకి జంకి సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లడం మానేసిన మంచి సిస్టర్లని చూశాను. నువ్వు మానేయకు, కావాలంటే తోడొస్తాను.

ఈసారి ఆఫ్‌కి ఇక్కడికే రా. వెనక గదికి మందం కర్టెన్ వేయించాను. నువ్వు లేచేదాకా టీవీ పెట్టొద్దని పెదనాన్నకి చెప్పాను.

మీ పెద్దమ్మ