బుజ్జీ, ముందు ట్యాంకు పంపు ఆపు, తర్వాత కెమెరా పట్టు

బుజ్జీ,

నీ పగడాల ట్యాంకుకి తీసి పంపిన ఫొటోలన్నీ చూశానే, పిన్ని కూడా చూసింది. అన్నీ నీలం ముద్దల్లా వచ్చాయని లెన్సు మార్చేస్తానన్నావు చూడు, ఆ పని మాత్రం చెయ్యకు. నీ దగ్గరున్న 100 ఎంఎం మాక్రో, అదే దగ్గర్నుంచి తీసే లెన్సు, చాలు, సరిచేసుకోవాల్సింది ట్యాంకు దగ్గర.

మొదట లైటు సంగతి. రీఫ్ ట్యాంకులో, అంటే నీలా పగడాలు పెంచే ఉప్పునీళ్ళ ట్యాంకులో, నీలం లైటే ఎక్కువ కదా, పగడాలు ఆ నీలాన్ని పీల్చుకుని పచ్చగా, నారింజగా వెలుగుతాయి, మన కంటికి బానే ఉంటుంది గానీ కెమెరాకి ఎరుపు దాదాపు అందదు, అందని రంగుని తర్వాత కంప్యూటర్లో ఎంత లాగినా రాదు. అందుకని తీసే కాసేపు వైట్ పెంచి బ్లూ తగ్గించు, కుదరకపోతే లెన్సు ముందు నారింజ ఫిల్టర్ పెట్టుకో. ఫొటోలు రా (RAW) ఫైలుగానే తియ్యి, రంగులు తర్వాత సరిచేసుకోవచ్చు. అయిపోగానే లైటు పాత సెట్టింగుకి తెచ్చెయ్, అలవాటు లేని వెలుతురు పగడాలకి పడదు.

ట్యాంకులో నీళ్ళు తిప్పే పంపులు ఆపి ఓ ఐదు నిమిషాలు ఆగు, నీళ్ళలో తేలే నలకలన్నీ కిందకి దిగుతాయి, పాలిప్స్, అంటే పగడం మీద పువ్వుల్లా విచ్చుకునే చిన్న జీవులు, ఊగడం మానేస్తాయి. ఇక్కడ నా మాట గట్టిగా గుర్తుపెట్టుకో తల్లీ. ఒకసారి రాత్రి ఫొటోలు తీసుకుని పంపులు వెయ్యడం మర్చిపోయి పడుకున్నాను, తెల్లారేసరికి నీళ్ళలో ఆక్సిజన్ అయిపోయి రెండు క్లౌన్ చేపలు పోయాయి, ఇప్పటికీ మనసు పీకుతుంది. ఫోన్లో 15 నిమిషాలకి అలారం పెట్టాకే స్విచ్ మీద చెయ్యి వెయ్యి.

అద్దం లోపలా బయటా తుడువు. గదిలో లైట్లార్పేసి నల్ల చొక్కా వేసుకో, లేకపోతే నీ నీడే పడుతుంది. లెన్సు అద్దానికి తిన్నగా ఉండాలి, కాస్త ఏటవాలుగా పెట్టినా బొమ్మ సాగిపోయి అంచుల్లో రంగులు చీలతాయి.

నీ జోయాంథిడ్ ఫొటో, అదే గుండ్రటి పువ్వుల్లాంటి పాలిప్స్ గుంపు, ఉంది చూడు, మధ్యలో చిన్న చీలికలాంటి నోరు, చుట్టూ కనురెప్పల వెంట్రుకల్లా సన్నటి అంచు, నోరు స్పష్టంగా వచ్చి అంచంతా మసకబారింది. అంత దగ్గర్నుంచి లెన్సు రంధ్రం చిన్నది చేసి ఎఫ్ 11 పెట్టినా ఫోకస్‌లో ఉండేది ఒక మిల్లీమీటరు, అటూ ఇటూ అంతే. రంధ్రం ఇంకా చిన్నది చేసి ఎఫ్ 22 కి వెళ్తే ఫొటో మొత్తం పదును పోతుంది, వద్దు. మొహం సరిగ్గా అద్దం వైపు తిప్పుకున్న పాలిప్‌ని వెతుక్కో, సగం పని అదే చేసిపెడుతుంది. ఆటోఫోకస్ ఆపేసి, నువ్వే కొంచెం ముందుకీ వెనక్కీ ఊగుతూ నోరు పదునుగా కనబడ్డప్పుడు నొక్కు, ఒకటి కాదు, ఇరవై తియ్యి.

జూన్ నెలాఖరుకి తాతయ్య ఊరు వెళ్తున్నావు కదా, ఆరుద్ర కార్తెలో మంచి వాన పడిన మర్నాడు పొద్దున్నే చేలగట్టు దగ్గరికి పో. తడి మట్టి మీద ఎర్ర మఖమల్ ముక్కల్లా ఆరుద్ర పురుగులు నడుస్తుంటాయి. మా చిన్నప్పుడు అగ్గిపెట్టెలో పెట్టుకునేవాళ్ళం, నువ్వు మాత్రం ముట్టుకోకు, ముట్టుకుంటే కాళ్ళు ముడుచుకుని కదలకుండా ఉండిపోతాయి, ఫొటోలో ఎర్ర గింజలా పడుతుంది. గోనెసంచి పరుచుకుని బోర్లా పడుకో, లెన్సు మట్టికి ఆనేంత కిందకి దించు, అది నీవైపు నడిచొచ్చేదాకా ఆగు. ఎండ ముదిరేలోపే వెళ్ళు, తర్వాత మట్టిలోకి దూరిపోతాయి.

తీసినవన్నీ పంపు, బాలేనివి కూడా.

బాబాయి