విండోస్ ఎక్కింది, కంప్యూటర్ మాత్రం లేవలేదు

ఈసారి ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోడు. ఓఎస్ వేయడం సాఫీగానే అయింది, రీస్టార్ట్ అయ్యాక మాత్రం తెర మీద ఏమీ రాలేదు. చాలామంది వెంటనే మళ్లీ మొదటి నుంచి వేసేస్తారు. లోపం అలాగే ఉంటే రెండోసారి కూడా అక్కడే ఆగుతుంది. ముందు చూడాల్సింది బండి ఎక్కడ ఆగిందన్నది. నల్లటి తెర మీద ‘నో బూటబుల్ డివైస్’ అని వస్తే బయోస్‌కే (ఆన్ కాగానే మదర్‌బోర్డులో ముందు లేచే ప్రోగ్రామ్, దీన్నే ఫర్మ్‌వేర్ అనీ అంటాం) ఏమీ దొరకలేదు. 0ఎక్స్‌సీ000000ఎఫ్ లాంటి కోడ్‌తో రికవరీ తెర వస్తే బూట్ మేనేజర్ (విండోస్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్) లేచింది గానీ దానికి కావలసిన ఫైలు దొరకలేదు. స్టాప్ కోడ్‌తో నీలి తెర (కొత్త వెర్షన్లలో నల్లది) వస్తే విండోస్ కెర్నెల్ (ఓఎస్‌కి గుండెకాయ) దాకా వెళ్లి కూలబడింది. ఈ మూడింటికీ మందు వేరు.

ప్రశ్న: కొత్త ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ 11 వేశాను. పాత హార్డ్‌డిస్క్ కూడా లోపలే ఉంది. వారం బాగా నడిచింది. హార్డ్‌డిస్క్ తీసేయగానే ‘నో బూటబుల్ డివైస్’ అంటోంది. ఎస్‌ఎస్‌డీ పోయినట్టేనా?

జవాబు: పోలేదు. విండోస్ ఎస్‌ఎస్‌డీలోనే ఉంది, దాన్ని లేపే ఫైళ్లు మాత్రం పాత డిస్క్‌లో ఉన్నాయి. ఏదో ఒక డిస్క్‌లో ఈఎఫ్ఐ పార్టిషన్ (బూట్ ఫైళ్లుండే చిన్న భాగం) అప్పటికే ఉంటే విండోస్ సెటప్ చాలాసార్లు కొత్తది చేయదు, ఉన్నదాన్నే వాడేసుకుంటుంది. మీరు ఏ డిస్క్‌ని ఎంచుకున్నారన్నది దానికి పట్టదు. ఓఎస్ వేసేటప్పుడు మిగతా డిస్క్‌ల కేబుళ్లు పీకేయమనేది ఇందుకే. రెండు నిమిషాల పని, దానికి బద్ధకిస్తే ఈ తంతంతా.

పాత డిస్క్ మళ్లీ తగిలించి చూడండి. విండోస్ లేచిందంటే కారణం ఇదే. అలా లేచినప్పుడే బూట్ ఫైళ్లను ఎస్‌ఎస్‌డీలోకి తెచ్చుకోవడం తేలిక. ముఖ్యమైన ఫైళ్లకు కాపీ తీసుకుని, కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘డిస్క్‌పార్ట్’ అని కొట్టండి. ‘లిస్ట్ డిస్క్’ చూపే పట్టికలో ఎస్‌ఎస్‌డీ వరుసలో, చివరన జీపీటీ (డిస్క్‌ని భాగాలు చేసే కొత్త పద్ధతి) కింద నక్షత్రం గుర్తు ఉండాలి. లేకపోతే మీది లెగసీ (పాత బయోస్) పద్ధతిలో వేసిన విండోస్, ఈ దారి దానికి కాదు.

నక్షత్రం ఉంటే ‘లిస్ట్ వాల్యూమ్’ కొట్టి, ‘సీ’ అక్షరం ఉన్న వాల్యూమ్ నంబరు చూసి దాన్ని సెలెక్ట్ చేయండి. ‘ష్రింక్ డిజైర్డ్=300’ అంటే చివర్లో 300 ఎంబీ ఖాళీ అవుతుంది. తర్వాత ఎస్‌ఎస్‌డీ నంబరుతో ‘సెలెక్ట్ డిస్క్’, ఆపైన వరుసగా ‘క్రియేట్ పార్టిషన్ ఈఎఫ్ఐ సైజ్=260’, ‘ఫార్మాట్ క్విక్ ఎఫ్ఎస్=ఫ్యాట్32’, ‘అసైన్ లెటర్=ఎస్’, ‘ఎగ్జిట్’. విండోస్ తనంతట తాను చేస్తే సాధారణంగా 100 ఎంబీ పెడుతుంది. కానీ 4 కేబీ సెక్టర్ల డిస్క్‌ల మీద ఫ్యాట్32కి 260 ఎంబీ కావాలి, రేపు లైనక్స్ వేసుకున్నా చోటు సరిపోతుంది. అసలు పని చేసేది ఆఖరి ఆదేశం: ‘బీసీడీబూట్ సీ:\విండోస్ /ఎస్ ఎస్: /ఎఫ్ యూఈఎఫ్ఐ’. బూట్ ఫైళ్లు తయారయ్యాయని ఒక వాక్యం రావాలి. కంప్యూటర్ ఆపి, పాత డిస్క్ తీసేసి, బూట్ మెనూలో ‘విండోస్ బూట్ మేనేజర్’ ఎంచుకోండి.

పాత డిస్క్‌ని ఇప్పటికే ఫార్మాట్ కొట్టేసి ఉంటే ఇవే ఆదేశాలను సెటప్ పెన్‌డ్రైవ్ నుంచి ఇవ్వాలి. మొదటి తెర రాగానే షిఫ్ట్+ఎఫ్10 నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ తెరుచుకుంటుంది. జాగ్రత్త, అక్కడ మీ విండోస్ డ్రైవ్ పేరు ‘సీ’ కాకుండా ‘డీ’నో ‘ఈ’నో అయి ఉండొచ్చు. ‘లిస్ట్ వాల్యూమ్’లో సైజు చూసి పోల్చుకోండి. ‘బూట్‌రెక్ /ఫిక్స్‌ఎంబీఆర్’ కొట్టమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. జీపీటీ డిస్క్ మీద దాంతో ఒరిగేదేమీ లేదు. అది సరిచేసే మొదటి సెక్టర్ కోడ్‌ని యూఈఎఫ్ఐ (బయోస్‌కి కొత్త రూపం) అసలు చదవనే చదవదు.

ప్రశ్న: ఇన్‌స్టలేషన్ 100 శాతం అయ్యి రీస్టార్ట్ అవుతుంది, మళ్లీ భాష ఎంచుకోమనే మొదటి తెరే వస్తుంది. మూడుసార్లు ఇదే తంతు.

జవాబు: పెన్‌డ్రైవ్ తీసేయండి. బూట్ వరుసలో అది ముందుండటంతో ప్రతిసారీ దాని నుంచే లేస్తోంది. తీసేశాక డిస్క్ నుంచి లేవకపోతే అప్పుడు పైన చెప్పిన మూడు తెరల్లో ఏది వచ్చిందో చూడండి.

ప్రశ్న: విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిందని విండోస్ 11కి మారదామనుకున్నాను. అందుకోసం బయోస్‌లో సీఎస్ఎం (పాత పద్ధతి బూట్‌కి వీలిచ్చే సెట్టింగు) ఆపి, సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న బూట్ ఫైళ్లనే లేవనిచ్చేది) ఆన్ చేశాను. ఇప్పుడు ఉన్న విండోస్ 10 కూడా లేవడం లేదు. బూట్ మెనూలో డిస్క్ పేరే కనిపించదు.

జవాబు: ముందు సెక్యూర్ బూట్ ఆపి, సీఎస్ఎం మళ్లీ ఆన్ చేసి సేవ్ చేయండి, విండోస్ 10 మామూలుగా లేస్తుంది. మీ డిస్క్ జీపీటీకి ముందున్న పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంది. సీఎస్ఎం ఆపితే ఫర్మ్‌వేర్ వెతికేది ఈఎఫ్ఐ పార్టిషన్ కోసం. మీ డిస్క్‌లో అది లేదు కాబట్టి మెనూలోనూ కనిపించదు.

డిస్క్ చెరపకుండా జీపీటీకి మార్చే ‘ఎంబీఆర్2జీపీటీ’ అనే సాధనం విండోస్ 10 1703 వెర్షన్ నుంచి లోపలే ఉంది. అడ్మినిస్ట్రేటర్ ప్రాంప్ట్‌లో మొదట ‘ఎంబీఆర్2జీపీటీ /వ్యాలిడేట్ /అలౌఫుల్ఓఎస్’ ఇవ్వండి. ఇది పరీక్ష మాత్రమే, దేన్నీ మార్చదు. సరే అంటే వ్యాలిడేట్ స్థానంలో ‘కన్వర్ట్’ పెట్టి మళ్లీ ఇవ్వండి. కుదరదంటే కారణం చాలాసార్లు పార్టిషన్ల లెక్కే. ప్రైమరీ పార్టిషన్లు మూడుకు మించకూడదు, ఎక్స్‌టెండెడ్, లాజికల్ అన్నవి అసలు ఉండకూడదు. సీ, డీ, ఈ, ఎఫ్ అంటూ డిస్క్‌ని ముక్కలు చేసుకున్నవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఉంటే ముందు దాన్ని సస్పెండ్ చేయండి, లేదంటే తర్వాత 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మార్పిడి అయ్యాకే బయోస్‌లోకి వెళ్లి సీఎస్ఎం ఆపి, సెక్యూర్ బూట్ ఆన్ చేయాలి. మీరు చేసిన తప్పల్లా ఈ వరుసను తిరగేయడమే.

కొత్తగా వేసేవాళ్లకు ఒక మాట. బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండు వరుసల్లో కనిపించవచ్చు, ఒకదాని ముందు ‘యూఈఎఫ్ఐ’ అని ఉంటుంది, రెండోదానికి ఉండదు. ఏ వరుస నుంచి సెటప్ లేపారో ఆ పద్ధతిలోనే విండోస్ పడుతుంది. తర్వాత బయోస్‌లో మార్చుకుందాంలే అంటే మీ కథే పునరావృతం.

ప్రశ్న: కొత్త ల్యాప్‌టాప్‌లో సెటప్‌కి ఎస్‌ఎస్‌డీ కనిపించలేదు. బయోస్‌లో వీఎండీ అనేదాన్ని ఆపితే కనిపించింది, విండోస్ ఎక్కింది. పని అయిపోయిందని వీఎండీ మళ్లీ ఆన్ చేస్తే ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని నీలి తెర.

జవాబు: మళ్లీ ఆపేయండి, లేస్తుంది. వీఎండీ అన్నది ఇంటెల్ ప్రాసెసర్లలో ఎస్‌ఎస్‌డీకీ ఓఎస్‌కీ మధ్య నిలబడే కంట్రోలర్. అది ఆన్‌లో ఉంటే ఇంటెల్ ఆర్ఎస్‌టీ డ్రైవర్ ద్వారానే డిస్క్ దొరుకుతుంది. మీ విండోస్‌లో ఆ డ్రైవర్ లేదు. బూట్ మేనేజర్ ఫర్మ్‌వేర్ సాయంతో డిస్క్ చదివి కెర్నెల్‌ని మెమరీలోకి తెచ్చింది, కెర్నెల్ తన సొంత డ్రైవర్‌తో అదే డిస్క్‌ని అందుకోబోతే చేతికి రాలేదు. ఒకే ఎస్‌ఎస్‌డీ ఉన్న యంత్రంలో రెయిడ్ (పలు డిస్క్‌లను కలిపి వాడటం) ఎలాగూ ఉండదు కాబట్టి వీఎండీ ఆపి ఉంచడమే నా సలహా. ఆన్‌లోనే కావాలంటే ల్యాప్‌టాప్ తయారీదారు సైటు నుంచి ఆ డ్రైవర్ తెచ్చి, పెన్‌డ్రైవ్‌లో విప్పి, ఇన్‌స్టలేషన్‌లో ‘లోడ్ డ్రైవర్’ దగ్గర చూపించి మళ్లీ వేయాలి.

పాత డెస్క్‌టాప్‌లలో ఎవరూ బయోస్ ముట్టకుండానే ఇదే నీలి తెర వస్తుంటుంది. మదర్‌బోర్డు మీద సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ అయిపోతే బయోస్ సెట్టింగులు మొదటికి వస్తాయి. ఏహెచ్‌సీఐ పద్ధతిలో ఉన్న సాటా (డిస్క్ తగిలించే కనెక్షన్) కాస్తా ఐడీఈకో రెయిడ్‌కో మారిపోతుంది. గడియారం కూడా పాత తేదీకి వెళ్లి ఉంటే అనుమానం అక్కర్లేదు, బ్యాటరీ మార్చి సాటాను ఏహెచ్‌సీఐకి తెచ్చేయండి.

ప్రశ్న: విండోస్ పక్కన ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం) వేశాను. ఏది ఎంచుకోవాలో అడగకుండా నేరుగా విండోసే లేస్తోంది.

జవాబు: ఉబుంటు పోలేదు, వరుసలో వెనక పడింది. యంత్రం ఆన్ కాగానే బూట్ మెనూ మీట నొక్కండి. తయారీదారుని బట్టి ఎఫ్12, ఎఫ్9, ఎఫ్8, ఎస్కేప్‌లలో ఒకటి. అక్కడ ‘ఉబుంటు’ అని ఉంటే బయోస్ బూట్ వరుసలో దాన్ని పైకి తెస్తే సరి. ఆ పేరే లేకపోతే లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేచి టెర్మినల్‌లో ‘/సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్ఐ’ ఫోల్డర్ ఉందేమో చూడండి. లేదంటే పెన్‌డ్రైవ్ లెగసీలో లేచింది, అక్కడి నుంచి గ్రబ్ (లైనక్స్ బూట్ లోడర్) వేస్తే విండోస్‌తో పొసగదు. యూఈఎఫ్ఐలోనే లేపి, ‘బూట్ రిపేర్’ అనే సాధనం వేసుకుని దాని సిఫార్సు మరమ్మతు నడిపితే చాలామందికి సరిపోతుంది.

గ్రబ్ వచ్చి అందులో విండోస్ లేకపోతే కంగారు వద్దు. గ్రబ్ 2.06 నుంచి ఇతర ఓఎస్‌లను వెతకడం ముందే ఆపేసి వస్తోంది. ‘/ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్’ ఫైల్లో ‘గ్రబ్_డిజేబుల్_ఓఎస్_ప్రోబర్=ఫాల్స్’ వరుస చేర్చి ‘సుడో అప్‌డేట్-గ్రబ్’ ఇవ్వండి. ఆపరేటింగ్ సిస్టమ్ ఏదీ లేవకుండా ‘షిమ్ ఎస్‌బీఏటీ డేటా’ తనిఖీ విఫలమైందని వస్తే అది వేరే జబ్బు. 2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ పాత షిమ్‌లను (సెక్యూర్ బూట్ ఉన్నప్పుడు లైనక్స్‌ని లేపే తొలి ఫైళ్లు) నిషేధించడంతో చాలా డ్యూయల్ బూట్ యంత్రాల్లో ఇది వచ్చింది. సెక్యూర్ బూట్ ఆపి, లైనక్స్‌లోకి వెళ్లి, ‘సుడో మోక్‌యుటిల్ --సెట్-ఎస్‌బీఏటీ-పాలసీ డిలీట్’ ఇచ్చి, రీస్టార్ట్ చేసి మరోసారి లైనక్స్‌లోకి వెళ్లొచ్చాక సెక్యూర్ బూట్ ఆన్ చేయాలి.

ప్రశ్న: లైనక్స్ ఎక్కింది, గ్రబ్ కూడా వస్తోంది. ఎంటర్ నొక్కాక తెర నల్లగానే ఉండిపోతుంది, ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

జవాబు: గ్రాఫిక్స్ డ్రైవర్ పేచీ, ఎన్‌విడియా కార్డులతో ఎక్కువ. గ్రబ్‌లో ఉబుంటు వరుస మీద ‘ఈ’ నొక్కి, ‘లైనక్స్’తో మొదలయ్యే వరుస చివర ‘నోమోడ్‌సెట్’ చేర్చి ఎఫ్10 నొక్కండి. లేచాక సరైన డ్రైవర్ వేసుకుంటే ఈ మాట మళ్లీ అక్కర్లేదు.

ప్రశ్న: పన్నెండేళ్ల నాటి డెస్క్‌టాప్‌లో పీసీఐఈ కార్డు ద్వారా ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (సాటా కాకుండా పీసీఐఈ దారిలో నడిచే రకం) పెట్టాను. సెటప్‌కి కనిపించింది, ఫైళ్లన్నీ కాపీ అయ్యాయి. బయోస్‌కి మాత్రం ఆ డిస్క్ ఉన్నట్టే తెలియదు.

జవాబు: సెటప్‌కి సొంత ఎన్‌వీఎంఈ డ్రైవర్ ఉంది, మీ బోర్డు ఫర్మ్‌వేర్‌కి లేదు. లేచే తొలి క్షణాల్లో డిస్క్ చదవాల్సింది ఫర్మ్‌వేరే. ముందు బోర్డు తయారీదారు సైటులో బయోస్ అప్‌డేట్ చూడండి, కొన్ని బోర్డులకు ఈ డ్రైవర్ అలా చేరింది. అప్‌డేట్ లేకపోతే విండోస్‌కి, లైనక్స్‌కి దారులు విడిపోతాయి.

లైనక్స్ అయితే ఈఎఫ్ఐ పార్టిషన్‌నీ, 1 జీబీ ‘/బూట్’నీ మామూలు సాటా డిస్క్ మీద పెట్టి, మిగతాదంతా ఎన్‌వీఎంఈ మీద వేయండి. కెర్నెల్ మెమరీలోకి వచ్చిందంటే ఆపైన దాని డ్రైవర్ దానిదే. విండోస్‌కి ఈ చిట్కా పారదు. దాని బూట్ లోడర్ కెర్నెల్ కోసం చూసేది విండోస్ ఫోల్డర్‌లోనే, అది ఉన్నది ఎన్‌వీఎంఈ మీద, చదవడానికి మళ్లీ ఫర్మ్‌వేరే దిక్కు. క్లోవర్ అనే బూట్ లోడర్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి, ఎన్‌వీఎంఈ డ్రైవర్‌ని దాని ద్వారా ఎక్కించి లేపేవాళ్లు ఉన్నారు. పనిచేస్తుంది, కానీ ఆ పెన్‌డ్రైవ్ ఎప్పుడూ తగిలించే ఉండాలి. ఆ కంప్యూటర్‌కి నేనైతే సాటా ఎస్‌ఎస్‌డీ పెడతాను.