ఈటల గెలిచింది ఐదుసార్లా, ఏడుసార్లా? కమలాపూర్‌ను కలిపితేనే లెక్క తేలుతది

మీరు అడిగినవి రెండు ముక్కలు. ఈటల రాజేందర్ హుజూరాబాద్ ఎమ్మెల్యేగా ఏడుసార్లు గెలిచారని ఒకచోట, ఐదుసార్లని ఇంకోచోట చదివాను, ఏది నిజం అన్నది మొదటిది. హుజూరాబాద్‌లో 2018లో 61 వేల ఓట్లు దాటిన కాంగ్రెస్‌కు 2021లో మూడు వేలేనా, అచ్చుతప్పేమో అన్నది రెండోది.

మొదటిది చెప్తాను. మొత్తం గెలుపులు ఏడు. వాటిలో హుజూరాబాద్‌వి ఐదు: 2009, 2010, 2014, 2018, 2021. మిగతా రెండు, అంటే 2004, 2008వి, కమలాపూర్‌వి. ఆ నియోజకవర్గం 2009 నుంచి లేదు కాబట్టి రాసేవాళ్లు అన్నింటినీ హుజూరాబాద్ ఖాతాలో వేసేస్తారు. మాది కమలాపూర్ మండలమే. ఉండేది హన్మకొండలో అయినా ఓటు ఊళ్లోనే పెట్టుకున్నాను, అందుకే ఈ విషయం మీద కొంచెం పట్టింపు.

కమలాపూర్ అంటే మా ఇంట్లో చాలా ఏళ్లు సైకిల్ గుర్తే. 1985, 1989, 1994, 1999, నాలుగుసార్లు వరుసగా తెలుగుదేశం నుంచి ముద్దసాని దామోదర్ రెడ్డి గారే గెలిచారు. మా బాపు ఆయన మనిషి. మీటింగంటే ఎడ్లను కూడా పక్కింటివాళ్లకు అప్పజెప్పి పోయేవాడు. 2004లో టీఆర్ఎస్ నుంచి ఈటల గెలిచిన రోజు మా ఇంట్లో సరిగా అన్నం తినలేదంటే నమ్మండి. నేను అప్పటికే తెలంగాణ అంటూ తిరుగుతున్నాను, అది వేరే గొడవ.

తర్వాత మా ఊరికి ఎన్నికల మీద ఎన్నికలు. తెలంగాణ కోసం టీఆర్ఎస్ ఎమ్మెల్యేలు రాజీనామా చేస్తే 2008 మేలో ఉప ఎన్నిక. 2009లో మామూలు ఎన్నిక. మళ్లీ రాజీనామాలు, 2010 జూలైలో ఇంకో ఉప ఎన్నిక. 26 నెలల్లో ఎమ్మెల్యే కోసం మూడుసార్లు వేలికి సిరా పెట్టించుకున్నాం. ఆ మూడింటిలో మొదటిది కమలాపూర్ పేరుతో, తర్వాతి రెండు హుజూరాబాద్ పేరుతో. పోలింగ్ బడి అదే, లైనులో మనుషులు వాళ్లే, నియోజకవర్గం పేరొక్కటే మారింది.

2010లో జరిగింది నాకు ఇప్పటికీ యాదికుంది. తెలుగుదేశం తరఫున హుజూరాబాద్‌లో నిలబడింది మళ్లీ ఆ దామోదర్ రెడ్డి గారే. ఈటలకు 93,026, ఆయనకు 13,799. నాలుగుసార్లు గెలిపించిన ఊళ్లే అవి. బాపు పొద్దున్నే పోయి ఓటేసి వచ్చాడు, ఎవరికి వేశాడో అడిగితే "తెలంగాణ రావాలె గద బిడ్డా" అని మాత్రం అన్నాడు. అంతకు మించి ఇప్పటిదాకా చెప్పలేదు.

ఇక కమలాపూర్ ఎందుకు పోయింది? 2001 జనాభా లెక్కల ఆధారంగా జరిగిన పునర్విభజనలో. దాని ప్రకారం మా దగ్గర మొదటి ఎన్నికలు 2009వి. ఉమ్మడి కరీంనగర్ జిల్లాకు అంతకుముందు 13 సీట్లు, తర్వాతా 13. కానీ లోపల ఆరు పేర్లు మారిపోయాయి. మెట్‌పల్లి, బుగ్గారం, నేరెళ్ల, ఇందుర్తి, మేడారం (సమ్మక్క జాతర జరిగే మేడారం కాదు, ఇది వేరు), మా కమలాపూర్ పోయాయి. కోరుట్ల, ధర్మపురి, వేములవాడ, రామగుండం, మానకొండూర్, హుస్నాబాద్ వచ్చాయి. కమలాపూర్, జమ్మికుంట, వీణవంక మండలాలను హుజూరాబాద్‌లో కలిపారు. హుజూరాబాద్‌తో ఉండే భీమదేవరపల్లి లాంటివి హుస్నాబాద్‌కు పోయాయి. పీవీ నరసింహారావు గారి వంగర ఆ మండలంలోదే. హుజూరాబాద్‌లో 2004, 2008 గెలుపులు కెప్టెన్ లక్ష్మీకాంతారావు గారివి, 2009లో ఆ సీటు ఈటలకు వచ్చింది.

నన్నడిగితే కమలాపూర్ పోలేదు, హుజూరాబాద్ పేరు తగిలించుకుంది, అంతే. చూడండి: ఈటలది కమలాపూర్. 2021లో టీఆర్ఎస్ అభ్యర్థి గెల్లు శ్రీనివాస్ యాదవ్‌ది వీణవంక మండలం హిమ్మత్‌నగర్. 2023లో గెలిచిన పాడి కౌశిక్ రెడ్డిది వీణవంక. అందరూ పాత కమలాపూర్ వాళ్లే. హుజూరాబాద్ టౌన్ దోస్తులతో ఈ మాటంటే మండిపడతారు.

2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఇంకో మెలిక పడ్డది. మా ఒక్క మండలాన్ని వరంగల్ అర్బన్‌లో కలిపారు, అదే ఇప్పటి హన్మకొండ జిల్లా. నియోజకవర్గంలో మిగతా మండలాలన్నీ కరీంనగర్‌లోనే. అంటే మా కలెక్టర్ హన్మకొండలో, ఎమ్మెల్యే హుజూరాబాద్ పేరుతో, ఎంపీ కరీంనగర్ పేరుతో. ఓటర్ కార్డులో ఇంటిపేరు తప్పు పడితే దిద్దించుకోవడానికి నేను మూడు ఊళ్లు తిరిగాను. ఒక ఆఫీసులో "మీది మా జిల్లా కాదు" అన్నారు, ఇంకోచోట "మీది మా నియోజకవర్గం కాదు" అన్నారు. చివరికి మా బూత్ లెవల్ ఆఫీసర్ ఫారం రాయించుకుంటే పనైంది. మొదట ఆమె దగ్గరికే పోవాల్సింది.

రెండో ముక్క. అచ్చుతప్పు కాదు. 2018లో ఈటలకు 1,04,840, కాంగ్రెస్ నుంచి నిలబడ్డ కౌశిక్ రెడ్డికి 61,121. ఆ ఎన్నికలో బీజేపీకి వచ్చినవి 1,683, నోటా కంటే తక్కువ. మూడేళ్లు తిరగకముందే, 2021 ఉప ఎన్నికలో అదే బీజేపీకి 1,07,022, కాంగ్రెస్‌కు 3,014.

మధ్యలో ఏం జరిగిందంటే, భూముల కబ్జా ఆరోపణల మీద 2021 మేలో ఈటలను మంత్రివర్గం నుంచి తీసేశారు. జూన్‌లో రాజీనామా చేసి బీజేపీలో చేరారు. జూలైలో కౌశిక్ రెడ్డి కాంగ్రెస్ వదిలి టీఆర్ఎస్‌లోకి పోయారు. కాంగ్రెస్ విద్యార్థి నాయకుడు బల్మూరి వెంకట్‌ను నిలబెట్టింది. పోలింగ్ అక్టోబర్ 30న. దాదాపు ఐదు నెలలు మాకు ఎన్నికే ఎన్నిక. చాయ్ హోటల్లో మంత్రులు, గల్లీలో ఎమ్మెల్యేలు. ఆగస్టు 16న శాలపల్లిలో దళితబంధు మొదలుపెట్టారు, కుటుంబానికి 10 లక్షలు. మా ఊళ్లో సంవత్సరాలుగా ఆగిన సీసీ రోడ్డు ఆ సీజన్‌లోనే పడింది. ఓటుకు పంచే పైసలు తమకు అందలేదని కొన్ని ఊళ్లలో ఓటర్లు రోడ్డెక్కిన వార్తలు మీరూ చూసే ఉంటారు.

హన్మకొండలో ఉన్న నాకు రెండు పార్టీల నుంచీ ఫోన్లు, "ఎప్పుడొస్తున్నరు, బండి పంపమంటరా" అని. బస్సులోనే పోయాను. బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి పుట్టు కాంగ్రెస్, జేబులో చేయి గుర్తు క్యాలెండర్ కార్డు. ఈసారి ఎవరికి అంటే, "ఇది పార్టీ ఎలచ్చన్ గాదు, పంచాయితీ. పంచాయితీల రెండు దిక్కులే ఉంటయ్, మూడో దిక్కుండదు" అన్నాడు. 3,014 అంకె చూసినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది. పోలింగ్ 86 శాతం దాటింది. ఈటల మెజారిటీ 23,855. గెల్లు సొంతూరు హిమ్మత్‌నగర్‌లో, దళితబంధు పుట్టిన శాలపల్లిలో కూడా కమలానికే ఎక్కువ వచ్చాయి.

దీన్ని పట్టుకుని "ఇక్కడ పార్టీ లేదు, మనిషే ఉన్నాడు" అనేవాళ్లున్నారు. నేను సగమే ఒప్పుకుంటాను. అదే మనిషి అదే కమలం గుర్తు మీద 2023లో నిలబడితే 63,460 వచ్చాయి, 43 వేలకు పైగా పోయాయి. అప్పుడు కారు మీద కౌశిక్ రెడ్డికి 80,333, చేయి గుర్తు మీద వొడితల ప్రణవ్‌కు 53,164. మూడు వేల నుంచి 53 వేలు! బస్సు పెద్దమనిషి లాంటివాళ్లు ఇంటికి తిరిగొచ్చారన్నమాట. రాష్ట్రమంతా ప్రభుత్వం మారాలా వద్దా అన్న ప్రశ్న ఉన్నప్పుడు 2021 పంచాయితీ పాతబడింది. పైగా ఈటల గజ్వేల్‌లో కేసీఆర్ మీద కూడా పోటీకి దిగారు. "మనకు సగం మనిషే మిగిలిండు" అని మా ఊళ్లో అనడం నేనే విన్నాను. కేసీఆర్ వ్యతిరేక ఓటు రెండుగా చీలి, 16,873 మెజారిటీతో కౌశిక్ రెడ్డి బయటపడ్డారు. ఈటల రెండుచోట్లా ఓడి, 2024లో మల్కాజిగిరి ఎంపీ అయ్యారు.

కమలాపూర్ మళ్లీ వస్తుందా అని మీరు అడగలేదు కానీ మా దగ్గర అందరూ అడుగుతారు. రాష్ట్ర విభజన చట్టంలో తెలంగాణ సీట్లను 119 నుంచి 153కు పెంచాలని ఉంది, ఇంకా అమలు కాలేదు. పెరిగితే మాది మాకు తిరిగొస్తుందని బాపు, వస్తే హన్మకొండ జిల్లాలో వేరే పేరుతో వస్తుందని నేను. ఇద్దరికీ ఒక యాట మీద పందెం నడుస్తోంది.