తుప్పు పట్టిన కారు కోసం అప్పు చేయొద్దు

ప్రశ్న: మాది విశాఖపట్నం. ప్రైవేటు ఉద్యోగం, నెలకు 46 వేలు చేతికొస్తుంది. అద్దె, ఇంటి ఖర్చులు కలిపి 33 వేలు, బైక్ ఈఎంఐ 3,800. ఎనిమిది నెలల కిందట 2013 మోడల్ డీజిల్ కారును తెలిసినవాళ్ల ద్వారా ఒకాయన దగ్గర 2.60 లక్షలకు కొన్నాను. అందులో 2 లక్షలు మేం దాచుకున్నవి, 60 వేలు మా బావమరిది సర్దినవి. గతుకుల్లో ముందు వైపు నుంచి టకటకమని శబ్దం వస్తోందని గ్యారేజీలో చూపిస్తే, లిఫ్ట్ ఎక్కించి కింద వేసిన నల్ల కోటింగ్ గీకారు. లోపలంతా తుప్పే. లోయర్ ఆర్మ్‌లు, షాక్‌లు, బుష్‌లకు 31 వేలు, వెనక యాక్సిల్‌కు 18 వేలు, కింద రేకు కోసి వెల్డింగ్ చేయడానికి 35 వేలు, మొత్తం 84 వేలు అన్నారు. బ్యాంకులో ఉన్నది 62 వేలు. ఒక లోన్ యాప్ 24 శాతం వడ్డీకి రెండేళ్ల గడువుతో లక్ష ఇస్తానంటోంది. నెలకోసారి అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లాలి. లోన్ తీసుకుని కారు బాగు చేయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: వద్దండీ. ఆ యాప్‌ను ఈ రోజే ఫోన్‌లోంచి తీసేయండి.

మీకు కావాల్సింది 84 వేలు, అది ఇస్తానంటున్నది లక్ష. ఆ మిగతా 16 వేలు ఎందుకు ఇస్తోందో ఆలోచించారా? రెండేళ్లపాటు నెలకు దాదాపు 5,290 కట్టాలి. మొత్తం 1.27 లక్షలు అవుతుంది. ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసుకుంటారు. మీకు ఇప్పుడు నెలకు మిగిలేది 9,200. ఈ ఈఎంఐ పోతే 3,900 మిగులుతుంది. బావమరిది బాకీ ఇంకా తీరనే లేదు. ఈ రెండేళ్లలో ఒక్క నెల జీతం ఆలస్యమైనా, అమ్మగారికి ఒక్కసారి ఒంట్లో బాగోకపోయినా మళ్లీ ఇంకో యాప్ దగ్గరికే వెళ్తారు.

మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. పాత కారు కొన్న చాలామంది చేసే పొరపాటే మీరూ చేశారు. చేతిలో ఉన్నదంతా కారు ధరకే పెట్టేశారు. 2 లక్షలంటే మీ ఇంటికి ఆరు నెలల ఖర్చు. ఉద్యోగం పోయినా ఆరు నెలలు నెట్టుకురాగలిగే డబ్బు అది. దాన్ని తీసి కారులో పెట్టిన రోజు నుంచీ మీ ఇంటికి అత్యవసర నిధి లేదు. శబ్దం ఇప్పుడు వినిపించిందంతే, సమస్య ఎనిమిది నెలల కిందటే మొదలైంది.

ఇంకో సంగతి. పదేళ్లు దాటిన కారుకు రిపేరు రావడం అత్యవసరం కిందికి రాదు. అది వస్తుందని ముందే తెలుసు, ఎప్పుడొస్తుందన్నదే తెలియదు. అందుకే పాత కారు కొనేవాళ్లకు నేను ఒక లెక్క చెబుతాను. కారుకు పెట్టగలిగిన మొత్తంలో నాలుగో వంతు రిపేర్లకని విడిగా ఉంచి, మిగతా దాంట్లోనే బండి వెతుక్కోవాలి. 2.60 లక్షలు ఉన్నవాళ్లు 1.95 లక్షల బండి చూసుకోవాలి. అత్యవసర నిధి ఈ లెక్కలోకే రాకూడదు. అది జీతం ఆగినప్పుడు, ఆసుపత్రి పాలైనప్పుడు తీయాల్సిన డబ్బు.

ఇక మీ కారు. చక్రాన్ని బండికి కలిపి పట్టుకునే కడ్డీ లోయర్ ఆర్మ్. దాని చివర బాల్ జాయింట్ అనే కీలు ఉంటుంది. అది అరిగిపోయి ఊడితే నడుస్తున్న బండి చక్రం పక్కకు వాలిపోతుంది. కాబట్టి ఆ పని అయ్యేదాకా కారు బయటికి తీయొద్దు, ముఖ్యంగా అమ్మగారిని ఎక్కించుకుని వెళ్లొద్దు. నెలకోసారి ఆసుపత్రికి క్యాబ్ పెట్టుకోండి. రానూపోనూ వెయ్యి అయినా ఆ ఈఎంఐలో ఐదో వంతు కూడా కాదు.

తర్వాత, రిపేరుతో సంబంధం లేని ఇంకో గ్యారేజీలో చెకింగ్ ఫీజు కట్టి కారును మళ్లీ లిఫ్ట్ ఎక్కించండి. అడగాల్సింది ఒక్కటే: తుప్పు పైపైనే ఉందా, బరువు మోసే చోట్లకు పట్టిందా? సస్పెన్షన్ (లోయర్ ఆర్మ్‌లు, షాక్‌లు, బుష్‌లు) బిగించే చోట్లు, కింద పొడుగ్గా వెళ్లే చాసిస్ (బండి చట్రం) బాక్సులు, ముందు ఇంజిన్ కింద ఉండే సబ్‌ఫ్రేమ్, వీటిని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడమనండి. గట్టిగా ఉంటే పైతుప్పే. లోపలికి దిగిపోతే అక్కడ రేకు అతికించి వెల్డింగ్ చేసినా నమ్మలేం. మీది సముద్రం పక్క ఊరు. ఉప్పుగాలికి తోడు చక్రాల లోపలి అంచుల్లో పేరుకున్న తడి మట్టి ఏళ్ల తరబడి ఇనుమును తింటుంది. పాత బండికి అమ్మే ముందు కొత్త నల్ల కోటింగ్ కొట్టించారంటేనే అనుమానించాల్సింది. 2024 సెప్టెంబరు బుడమేరు వరద చూసిన విజయవాడవాళ్లకైతే వేరే చెప్పక్కర్లేదు, నీట మునిగిన బండి పైకి ఎంత మెరిసినా కిందనుంచి చూడందే కొనకూడదు.

బరువు మోసే చోట్లు గట్టిగా ఉంటే అన్నీ ఒకేసారి చేయించక్కర్లేదు. ముందు ఆ 31 వేల సస్పెన్షన్ పని. నెలకు మిగిలే 9,200 పక్కన పెడుతూ వస్తే నాలుగు నెలల్లో ఆ డబ్బు సమకూరుతుంది. అందాకా బైక్ ఉంది కదా. యాక్సిల్ పని కొన్నాళ్లు ఆగగలదా లేదా అన్నది రెండో గ్యారేజీవాళ్లు చెప్పాలి. ఆగదంటే అది కూడా అయ్యేదాకా బండిని అలాగే ఉంచండి. బ్యాంకులోని 62 వేలను మాత్రం ముట్టుకోవద్దు. అది మీ ఇంటికి రెండు నెలల ఖర్చు కూడా లేదు.

చాసిస్‌కే తుప్పు పట్టిందంటే ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు. ఉన్న లోపాలు కొనేవాళ్లకు చెప్పి, వచ్చిన రేటుకు ఇచ్చేయండి. మీకు జరిగింది ఇంకొకరికి జరగకూడదు. 2.60కి కొన్నది సగానికి పోతుందని బాధగానే ఉంటుంది. కానీ ఈ బండికి 2028లో 15 ఏళ్లు నిండుతాయి. రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే అప్పుడు ఫిట్‌నెస్ పరీక్షకు నిలబడాలి. ఇప్పుడు 84 వేలు పోసినా అమ్మేటప్పుడు అవి తిరిగి రావు. 1.30 లక్షలు వచ్చిందనుకోండి, బావమరిదికి 60 వేలు ఇచ్చేయగా 70 వేలు మిగులుతుంది. బ్యాంకులో ఉన్నదానితో కలిపితే 1.32 లక్షలు, సరిగ్గా నాలుగు నెలల ఇంటి ఖర్చు. కారు లేకపోయినా ఇవాళ్టికంటే మెరుగైన స్థితిలో ఉంటారు.

ఇన్సూరెన్స్ వాళ్లు ఇస్తారేమోనని చూడకండి. తుప్పు, అరుగుదల పాలసీలోకి రావు. కానీ కొన్నాక పాలసీని మీ పేరుకు మార్పించారా? మీరు రాయలేదు. యాజమాన్యం మారిన 14 రోజుల్లోపు చేయాల్సిన పని అది. పాత యజమాని పేరు మీదే ఉండిపోతే మీ బండికి జరిగిన నష్టానికి క్లెయిమ్ రాదు. కారు అమ్మాలనుకున్నా ముందు అది సరిచేసుకోండి.

బంగారం తాకట్టు పెడితే యాప్ కంటే వడ్డీ తక్కువే, అయినా కారు కోసం వద్దు. క్రెడిట్ కార్డు మాట ఎత్తొద్దు. కారును వ్యాపారి దగ్గర కొని ఉంటే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండనేవాణ్ని. 5 లక్షల లోపు కేసుకు రుసుము కూడా లేదు. మామూలు వ్యక్తి దగ్గర కొన్నారు కాబట్టి ఆ దారి కష్టం.

అమ్మినా, ఉంచుకున్నా ఒక పని మాత్రం ఈ నెల నుంచే మొదలుపెట్టండి. జీతం పడిన మర్నాడే 5 వేలు వేరే ఖాతాలోకి వెళ్లేలా ఆటోమేటిక్‌గా పెట్టేయండి, సస్పెన్షన్ పనికి నాలుగు బదులు ఎనిమిది నెలలు పట్టినా సరే. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు తీసుకోవద్దు. అందులో 2 లక్షలు చేరేదాకా కొత్తదైనా, పాతదైనా ఇంకో కారు కొనే మాట ఇంట్లో ఎత్తొద్దు.