లోను షరతు వదులుకోకు

చిరంజీవి చిన్నాకు అత్తయ్య ఆశీస్సులు.

ఇక్కడే న్యూజెర్సీలో ఇల్లు కొంటున్నావని మీ అమ్మ చెప్పగానే సేమ్యా పాయసం చేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. బ్యాంకు లోను రాకపోతే ఒప్పందం రద్దు చేసుకుని బయానా వెనక్కి తీసుకోవచ్చనే లోను షరతు వదులుకుంటే ఇల్లు నీకే వస్తుందని ఏజెంటు అన్నాడట. వద్దురా.

ఇన్‌స్పెక్షన్ చేయించు. ఒప్పందాన్ని లాయరు చూసే అటార్నీ రివ్యూకు మూడు పనిదినాలే ఉంటాయి, లాయరును ముందే మాట్లాడుకో. ఇవి నీకు తెలిసినవే.

2021లో మా వీధి కుటుంబం ఒకటి ఇలాగే పోటీలో పడి ఆ షరతు కొట్టేయించింది. ఆరు లక్షల డాలర్ల ఇంటికి అరవై వేలు బయానా. లోను రావచ్చని బ్యాంకు ముందుగా రాసిచ్చే ప్రీ అప్రూవల్ చేతిలో ఉందని ధీమా. అది అంచనా కాగితమే గాని, బ్యాంకు ఇచ్చిన మాట కాదు. సంతకాలైన మూడో వారంలో ఆయన ఉద్యోగం పోయింది. బ్యాంకు లోను ఇవ్వనంది. షరతు ఉండి ఉంటే బయానా వెనక్కి వచ్చేది. లేదు కనుక అమ్మేవాళ్లు పైసా వదల్లేదు. పైగా ఆయనది హెచ్-1బీ ఉద్యోగ వీసా, వేరే ఉద్యోగం వెతుక్కోవడానికి 60 రోజులే గడువు. కొత్త ఇంటి కిటికీల కొలతలు రాసుకున్న చీటీని ఆవిడ ఫ్రిజ్ మీద నుంచి చాలాకాలం తీయలేకపోయింది. నీదీ అదే వీసా కదా, నా భయమంతా అదే.

షరతు రాయించుకుని నిశ్చింతగా కూర్చోకు. అందులో ఒక తేదీ ఉంటుంది. ఆలోగా లోను ఇస్తామని బ్యాంకు రాసిచ్చే కమిట్‌మెంట్ లెటర్ రాకపోతే లాయరు చేత రాతపూర్వకంగా గడువైనా పొడిగించుకోవాలి, ఒప్పందమైనా రద్దు చేసుకోవాలి. ఫోనులో "సరే" అన్నారని నమ్మకు. లెటర్ వచ్చాక కూడా అందులో బ్యాంకు ఇంకా ఏమేమి అడుగుతోందో చదువు. ఇల్లు నీ పేరన మారే క్లోజింగ్ ముందు మళ్లీ మీ ఆఫీసును అడిగి ఉద్యోగం ఉందో లేదో కనుక్కుంటారు, కొత్త అప్పులు చేశావేమో కూడా చూస్తారు, కాబట్టి ఆ కొత్త కారు మోజు అప్పటిదాకా కట్టిపెట్టు. చిన్నప్పటి నుంచీ నీకు తొందరే. ఆవకాయ ఊరకముందే జాడీలో చెయ్యి పెట్టేవాడివి, తిట్టబోయి నేనే ముద్ద కలిపి పెట్టేదాన్ని.

మీ నాన్న పంపే డబ్బుకు, అది అప్పు కాదు కానుకే అని రాసిన గిఫ్ట్ లెటర్ తీసుకో, అది ఎక్కడిదో బ్యాంకు అడుగుతుంది. మీ నాన్న అప్పుడే పంచాంగం తీశాడట. క్లోజింగ్ తేదీ ఖాయమయ్యేదాకా గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించవద్దని చెప్పు. కాంట్రాక్టు నాకూ పంపు, సంతకం చెయ్యకముందే.

మీ అత్తయ్య